నడుస్తూ మాట్లాడితే తూలుతున్న నాన్నగారికి డ్యూయల్ టాస్క్ సాధన ఎలా చేయించాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారికి 68 ఏళ్ళు, పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్ళయింది. తన మానాన తను నడిస్తే హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి బాగానే వెళ్తారు. నడుస్తుండగా ఎవరైనా పలకరించినా, జేబులో ఫోన్ మోగినా అడుగులు పొట్టివైపోయి తూలుతున్నారు. ఫిజియోథెరపిస్టు డ్యూయల్ టాస్క్ ట్రైనింగ్, అంటే ఒకేసారి రెండు పనులు చేయించే సాధన, చేయించమని, లెక్కలు అడుగుతూ నడిపించమని చెప్పారు. ఇంట్లో ఎలా చేయించాలి, ఎంతసేపు చేయించాలి, తూలే మనిషిని కావాలని తూలేలా చేయడం ప్రమాదం కాదా అన్నది మీ సందేహం.

ముందు ఇలా ఎందుకు జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే సాధన అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇరవై ఏళ్ళు కత్తిపీట మీద కూర తరిగిన చేయి కబుర్లు చెప్తూనే వంకాయ కోసేస్తుంది. నిన్న కొత్తగా కత్తిపీట ముందు కూర్చున్న పిల్ల మాట్లాడిందంటే వేలు తెగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి నడక మొదటి రకం పని. మెదడు లోపలి భాగంలో ఉండే బేసల్ గ్యాంగ్లియా దాన్ని మన ధ్యాస అక్కర్లేకుండా నడిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేది సరిగ్గా అదే. అప్పుడు నడక మళ్ళీ కొత్తగా నేర్చుకున్న పనిలా మారిపోతుంది. ప్రతి అడుగుకీ మెదడు ముందు భాగం ధ్యాస పెట్టాలి. ఆ ధ్యాసలో కొంత ఫోన్‌కో, పలకరింపుకో పోతే అడుగుకి తక్కువ పడుతుంది. కాళ్ళలో బలం లేక తూలడం కాదిది. కాబట్టి ఒక్క కాళ్ళ వ్యాయామాలతో ఇది పూర్తిగా తగ్గదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు మనిషికి నడుస్తూ మాట్లాడుతుండగా గుంత కనబడితే మాట ఆగిపోతుంది, కాలు సర్దుకుంటుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో చాలామంది అలా చేయరు. తూలుతున్నా సమాధానం చెప్పడానికే ప్రయత్నిస్తారు. నెదర్లాండ్స్‌కు చెందిన న్యూరాలజిస్టు బాస్ బ్లూమ్, ఆయన సహచరులు దీనికి 'పోస్చర్ సెకండ్' అని పేరు పెట్టారు, అంటే ఒళ్ళు నిలబెట్టుకోవడాన్ని రెండో స్థానానికి నెట్టేయడం. అడిగినవాళ్ళకి బదులు చెప్పకపోతే బాగుండదనుకునే మన పెద్దవాళ్ళలో ఇది మరీ ప్రమాదం. నాన్నగారు మొండిగా మీ మాట వినకుండా ఇలా చేస్తున్నారని మాత్రం అనుకోకండి.

ఇక ప్రమాదం సంగతి. ఒకప్పుడు పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ఇచ్చే సలహా ఒకటే: ఒకేసారి రెండు పనులు పెట్టుకోవద్దు. దాన్ని నేరుగా పరీక్షించిన పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది, పేరు డ్యుయాలిటీ. బెల్జియంలోని లూవెన్, నెదర్లాండ్స్‌లోని నైమేగన్ కేంద్రాల వాళ్ళు 121 మంది పార్కిన్సన్స్ రోగులను రెండు జట్లుగా చేసి 6 వారాలు సాధన చేయించారు. ఒక జట్టుకు నడక సాధన వేరుగా, మెదడుకు పని వేరుగా ఇచ్చారు. రెండో జట్టుకు రెండూ కలిపి ఒకేసారి ఇచ్చారు. రెండు జట్లలోనూ రెండు పనులు కలిపి చేసేటప్పటి నడక వేగం మెరుగుపడింది, సాధన ఆపేశాక 12 వారాల తర్వాత కూడా ఆ లాభం నిలిచింది, పడిపోయే ప్రమాదం పెరగలేదు. మీకు ఇందులో పనికొచ్చేవి రెండు. జాగ్రత్తగా చేయిస్తే కలిపి చేయించడం ప్రమాదం కాదు. నాన్నగారికి కలిపి చేయడం మరీ కష్టంగా ఉంటే విడివిడిగా చేయించినా నష్టపోయేది లేదు. అయితే అందులో పాల్గొన్నవాళ్ళు వ్యాధి మధ్య దశలో ఉన్నవాళ్ళు, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టుల పర్యవేక్షణలో ఉన్నవాళ్ళు. ఆ షరతు మర్చిపోకూడదు.

అందుకే మొదలుపెట్టే ముందు ఈ కొన్ని చూసుకోండి. ఎవరూ పట్టుకోకుండా 10 మీటర్లు నడవగలగాలి. 'కండువా తీసి కుర్చీ మీద వెయ్యండి' లాంటి రెండు మెట్ల మాట విని చేయగలగాలి. ఏ మాటా లేకుండా నడిచినా కాళ్ళు నేలకి అతుక్కుపోతుంటే, లేదా ఈ నెలలోనే నిజంగా కింద పడి ఉంటే, నడకతో కలిపి మొదలుపెట్టొద్దు. ఆ స్థితిలో ఉన్నవాళ్ళకి కుర్చీలో కూర్చుని మోకాళ్ళు ఎత్తి దించుతూ పేర్లు చెప్పించడం, తర్వాత వంటగది గట్టు పట్టుకుని నిలబడి అదే చేయించడం సరైన మొదటి మెట్టు. ఇంకొకటి, బీపీ. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి, లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకి మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ముందు డాక్టరుకు చెప్పాలి. పార్కిన్సన్స్‌లో ఇది తరచుగా ఉంటుంది. ప్రొస్టేటు మాత్ర, బీపీ మాత్ర కూడా వాడుతుంటే మరీను. అది సరిచేయకుండా ఎన్ని లెక్కలు చెప్పించినా తూలడం ఆగదు.

ఇప్పుడు కొలత. ఇంట్లో చేయించేవాళ్ళు ఎక్కువమంది దాటేసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. అపార్ట్‌మెంటు వరండాలో టేపుతో 14 మీటర్లు కొలిచి, మొదటి 2, చివరి 2 మీటర్ల దగ్గర నేల మీద రంగు టేపు అంటించండి. మధ్యలో మిగిలిన 10 మీటర్లకే టైము చూడాలి, ఎందుకంటే బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు నడక ఎవరికైనా నెమ్మదే. ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. మామూలు నడకతో మూడుసార్లు నడిపించి సగటు తీయండి. అడుగులు కూడా లెక్కపెట్టండి. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి 30 సెకన్లు 100 నుంచి మూడేసి తీసేస్తూ చెప్పమనండి, సరైన జవాబులు ఎన్నో రాసుకోండి. చివరగా రెండూ కలిపి మూడుసార్లు, ప్రతిసారీ వేరే అంకె నుంచి.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఒంటరి నడక 10 మీటర్లకి 12.5 సెకన్లు, అంటే సెకనుకి 0.8 మీటరు. లెక్కతో కలిపితే 15.6 సెకన్లు, అంటే 0.64 మీటరు. తగ్గింది 0.16. దాన్ని 0.8తో భాగించి 100తో గుణిస్తే 20 శాతం. దీన్నే డ్యూయల్ టాస్క్ కాస్ట్ అంటారు, రెండో పని కోసం నడక కట్టిన సుంకం. కూర్చుని 30 సెకన్లలో 12 సరైన జవాబులు, అంటే సెకనుకి 0.4. నడుస్తూ 15.6 సెకన్లలో 5 సరైనవి, అంటే సుమారు 0.32. అక్కడా 20 శాతమే. ధ్యాస రెండింటికీ సమానంగా పంచారన్నమాట. ఇప్పుడు ఇంకో రోజు నడక 12.5 సెకన్లలోనే ముగిసింది కానీ 2 జవాబులే వచ్చాయనుకోండి. చూసేవాళ్ళు 'ఈ రోజు ఎంత బాగా నడిచారో' అంటారు. నిజానికి నడక బాగుపడలేదు, లెక్క వదిలేశారు. జవాబుల రేటు 0.16కి దిగింది, అంటే సుంకం 60 శాతం, మొత్తం అటువైపు పడింది. రెండు పనులూ కొలవకపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

అడుగులు లెక్కపెట్టమన్నది కూడా ఇలాంటి మోసం పట్టుకోవడానికే. 10 మీటర్లకి 16 అడుగులు పడితే ఒక్కో అడుగు సుమారు 62 సెంటీమీటర్లు. లెక్క చెప్తూ అదే దూరం అదే టైములో 22 అడుగుల్లో వెళ్తే అడుగు 45 సెంటీమీటర్లకి కుంచించుకుపోయింది, గబగబా పడుతోంది. స్టాప్‌వాచ్ బాగుందంటుంది, మనిషి మాత్రం ముందుకి పడిపోయే దారిలో ఉన్నాడు. అడుగు పొట్టిదవుతున్న క్షణాన ఆపేయాలి.

ఇక ఏ పని ఇవ్వాలి? రెండో పని మెదడుకి నిజంగా బరువుగా ఉండాలి. ఇక్కడ తెలుగిళ్ళలో ఎప్పుడూ జరిగే పొరపాటు ఒకటుంది: విష్ణు సహస్రనామమో, హనుమాన్ చాలీసానో చెప్తూ నడవమంటారు. నాన్నగారు గడగడా చెప్తారు, నడక కూడా బాగుంటుంది, అందరికీ సంతోషం. కానీ చిన్నప్పటి నుంచీ నోటికొచ్చింది మెదడుకి బరువు కాదు. పైగా దాని లయ అడుక్కి తాళంలా సాయం చేస్తుంది కూడా. ఏడో ఎక్కం కూడా అంతే, 'ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి' నోరు చెప్పుకుపోతుంది. అదే ఏడు అంకెని 100 నుంచి తీసేయమంటే పూర్తిగా వేరే పని, ప్రతిసారీ ముందు జవాబు గుర్తుపెట్టుకుని కొత్తగా తీసేయాలి. నోటికొచ్చినవి పనికిరావని కాదు, మొదటి మూడు నాలుగు రోజులు భయం పోవడానికి, ఒళ్ళు వేడెక్కడానికి మంచివి. వాటి దగ్గరే ఆగిపోకూడదు.

తర్వాతి మెట్టు పేర్లు చెప్పడం: కూరగాయలు, ఊళ్ళు, పక్షులు. ఆ తర్వాత మార్చి మార్చి చెప్పడం: ఒక కూర, ఒక ఊరు, మళ్ళీ ఒక కూర. మార్చి చెప్పేటప్పుడే చాలామంది అడుగు తడబడుతుంది. వరుస తెలిసినవాటిని చెడగొట్టి అడగడం ఇంకా మంచిది. తెలుగు నెలలు ఫాల్గుణం నుంచి వెనక్కి, మాఘం, పుష్యం, మార్గశిరం అంటూ. నక్షత్రాలు నోటికొచ్చినవాళ్ళకి ఒకటి విడిచి ఒకటి: అశ్విని, కృత్తిక, మృగశిర, పునర్వసు. బడి లెక్కలు రానివాళ్ళని 'మూడు తీసేయండి' అని హింసించొద్దు, డబ్బు లెక్క వాళ్ళకి బాగా వస్తుంది. 'కిలో టమాటా 30, కిలోన్నర తీసుకుని వంద నోటిచ్చారు, చిల్లరెంత?' ఇందులో గుణకారం, తీసివేత, గుర్తుపెట్టుకోవడం అన్నీ ఉన్నాయి. పైమెట్టు వచ్చిన మాటని ఆపుకునే పని: నేను పగలు అంటే మీరు రాత్రి అనాలి, పైన అంటే కింద అనాలి. కుడి, ఎడమలతో మాత్రం ఈ ఆట పెట్టకండి, తిరగబోయి పడతారు.

వారం తిరిగేసరికి 97, 94, 91 కూడా నోటికొచ్చేస్తుంది. జవాబులు పెరిగాయని మురిసిపోకుండా మొదటి అంకె ప్రతిసారీ మార్చండి: ఒకసారి 88, ఒకసారి 95. కొలత రోజున మాత్రం అంతకుముందు సాధనలో ఎన్నడూ వాడని అంకెలు ఇవ్వాలి.

చేతికిచ్చే పని వేరే రకం బరువు. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి ఒక్కొక్కటిగా రూపాయి బిళ్ళలు మార్చడం, తువ్వాలు మడతపెట్టడం, తాళంచెవుల గుత్తిలోంచి ఒకటి వెతకడం. స్టీలు గ్లాసులో ముప్పావు వంతు చన్నీళ్ళు పోసి పట్టుకుని నడవడం చాలా మంచి పరీక్ష, ఒలికిన నీళ్ళే మార్కులు. కానీ ఒలికిన నీళ్ళ మీద మళ్ళీ నడిపించకుండా వెంటనే తుడవాలి. అందుకని ఇంట్లో మొదట గ్లాసులో నీళ్ళ బదులు పెసలు పోయడం నయం, జారుడు ఉండదు, ఒలికినవి లెక్కపెట్టొచ్చు, ఏరేశాకే రెండో చుట్టు. పళ్ళెం ఇస్తే ఒకటి గమనించండి. రెండు చేతులతో ఛాతీ ముందు పట్టుకున్న పళ్ళెం పాదాలని కనబడనివ్వదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు కళ్ళతో నేలని చూసి నడక సర్దుకుంటారు. పళ్ళెంతో ధ్యాస, చూపు రెండూ ఒకేసారి పోతాయి. అందుకని ఒంటి చేత్తో పక్కగా పట్టుకునే గ్లాసుతో మొదలుపెట్టి పళ్ళేన్ని మూడో, నాలుగో వారానికి ఉంచండి.

సమయం: పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా మాత్ర, అంటే సిండోపా లాంటిది, వేసుకున్నాక ఒళ్ళు తేలికయ్యే సమయం, సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట తర్వాత. మందు ప్రభావం తగ్గిన ఆఫ్ సమయంలో చేయిస్తే నేర్చుకునేది తక్కువ, తూలేది ఎక్కువ. చోటు: డోర్‌మ్యాట్లు, ఛార్జర్ వైర్లు తీసేయాలి. తుడిచిన టైల్స్ ఆరాలి. టీవీ కట్టేయాలి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి గానీ బూట్లు గానీ ఉండాలి. లుంగీ, పంచె అంచు కాలికింద పడుతుంది, పైజామా మేలు. బైఫోకల్ కళ్ళద్దాలలో కింది సగంలోంచి చూస్తే నేల మసగ్గా కనిపిస్తుంది, దూరపు చూపు అద్దాలు ఉంటే అవే పెట్టండి.

మీరు నిలబడే చోటు కూడా చెప్పాలి. ఎక్కువ బిగుసుకుపోయే వైపు, అర అడుగు వెనకగా నడవండి. నడుముకి గెయిట్ బెల్టు, అంటే నడిపించేటప్పుడు మనిషిని కాచుకోవడానికి కట్టే బెల్టు, కట్టి, వెనక నుంచి దాన్ని అరచేయి పైకి ఉండేలా పట్టుకోవాలి. లాగకూడదు, ఊరికే చేతిలో ఉండాలి. మోచేయి పట్టుకుని నడిపిస్తే మీరే ఆయన బ్యాలెన్స్ చెడగొడతారు, చేతులు ఊగడం ఆగిపోతుంది. ఎదురుగా వెనక్కి నడుస్తూ రెండు చేతులు పట్టుకోవడం అసలు వద్దు. ప్రశ్న అడిగేది ఒకరు, బెల్టు పట్టేది ఇంకొకరు అయితే బాగుంటుంది, ఎందుకంటే మీరు జవాబులు లెక్కపెడుతూ ఆయన్ని కాచుకోవడం మీకే డ్యూయల్ టాస్క్.

ఒక పూట సాధన అరగంట. మొదటి 5 నిమిషాలు ఏ మాటా లేకుండా పెద్ద పెద్ద అడుగులతో నడక. తర్వాత నాలుగైదు నిమిషాల చుట్లు మూడు, మధ్యలో రెండేసి నిమిషాలు కూర్చోవడం. చివరి 3 నిమిషాలు మళ్ళీ వట్టి నడక. మొదటి చుట్టుకి, చివరి చుట్టుకి తేడా చూస్తే అలసట తెలుస్తుంది. ఈ మూడు చుట్లలో ఇచ్చే మాట ఒకేలా ఉండకూడదు. మొదటి చుట్టు: 'ధ్యాసంతా అడుగు మీదే, మడమ ముందు పడాలి, జవాబు తప్పినా ఫరవాలేదు.' రెండోది: 'ఈసారి జవాబులు ముఖ్యం.' మూడోది: 'రెండూ సమానం.' ఇలా ధ్యాస అటూ ఇటూ మార్చడమే అసలు నేర్పు. 2009లో సిల్సుపడోల్ బృందం బ్యాలెన్స్ తగ్గిన వృద్ధుల మీద చేసిన అధ్యయనంలో, వారానికి 3 రోజులు, పూటకి 45 నిమిషాలు, 4 వారాలు సాధన చేశారు. ధ్యాస మార్చి మార్చి పెట్టినవాళ్ళు, ఎప్పుడూ రెండింటి మీదా సమానంగా పెట్టినవాళ్ళ కంటే త్వరగా లాభపడ్డారు, 12 వారాల తర్వాత కూడా అది నిలిచింది. అది పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ మీద చేసింది కాదు. అయినా, తన ధ్యాస ఎటు పోతోందో గమనించుకోవడం 'పోస్చర్ సెకండ్' అలవాటుకి నేరుగా మందు కాబట్టి ఇక్కడా ఈ పద్ధతే వాడమంటాను. రెండో చుట్టులో అడుగు కుదించుకుపోతుంటే దాన్ని వదిలేసి మొదటి రకం మాటే ఇవ్వండి, వారం తర్వాత మళ్ళీ చూడొచ్చు.

వారానికి 3 రోజులు, రోజు విడిచి రోజు, 6 వారాలు. కష్టం ఎంత ఉండాలన్న దానికి పనిలో వాడే కొలత: పది జవాబుల్లో ఏడెనిమిది సరిగ్గా రావాలి. పదికి పది వస్తే పని తేలిక, అయిదే వస్తే ఎక్కువ. పెంచేటప్పుడు ఒక్కటే పెంచండి. లెక్క కష్టం చేస్తే నడక పాతదే ఉండాలి. దారిలో స్టూలు పెట్టి చుట్టి రమ్మంటే, పాత కూరల పేర్లే చెప్పాలి. రెండూ ఒకేసారి పెంచితే ఎందువల్ల తడబడ్డారో మీకు తెలియదు.

మలుపు దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త. కాళ్ళు అతుక్కుపోవడం ఎక్కువగా మలుపులో, గుమ్మంలో, కుర్చీకి చేరేముందు జరుగుతుంది. మొదటి రెండు వారాలు మలుపుకి రెండడుగుల ముందే ప్రశ్నలు ఆపేయండి. తిరగడం కూడా ఉన్నచోటే గిరుక్కున కాదు, ఎద్దుబండి తిరిగినట్టు వెడల్పుగా. కాళ్ళు అతుక్కుంటే లాగొద్దు, 'నడవండి, నడవండి' అని తొందరపెట్టొద్దు. జవాబు మానేయమనండి. నిలబడి, బరువు ఒక కాలి మీదకి, మళ్ళీ రెండో కాలి మీదకి రెండుసార్లు మార్చి, నేల మీద ఉన్న టేపు గీత దాటేలా ఒక పెద్ద అడుగు వేయించండి. ఒక పూటలో రెండుసార్లు మీరు బెల్టు బిగించి ఆపాల్సి వస్తే ఆ రోజుకి పని ఒక మెట్టు దించాలి. తల తిరగడం, చెమట పట్టడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆపేసి కూర్చోబెట్టాలి.

సాధన పేరుతో ఇంట్లోవాళ్ళు కబుర్లు మొదలుపెట్టడం ఇంకో లోపం. 'టిఫిన్ తిన్నారా?' అంటే 'ఊఁ' అనేస్తారు, బరువు లేదు. 'అన్నయ్య పొలం సంగతేమైంది?' అంటే మనసు కలత పడుతుంది, ఎంత బరువు పడిందో ఎవరికీ తెలియదు. సాధన అప్పుడు సాధన ప్రశ్నలే ఉండాలి.

నాలుగో వారం నుంచి నిజమైన పనుల్లోకి దిగాలి. మెదడు నేర్చుకునేది చాలావరకు చేసిన పని చుట్టూనే ఉంటుంది. లెక్కలు బాగా చెప్పగలిగినంత మాత్రాన నడుస్తూ తాళం తీయడం దానంతట అది రాదు. మీ నాన్నగారి జీవితంలో తూలించే పనులు ఏవో రాయండి: గేటు తీసుకుంటూ పక్కింటివాళ్ళకి బదులివ్వడం, గుళ్ళో ప్రసాదం పట్టుకుని మెట్టు దిగకుండా పక్కకి నడవడం, కిరాణా కొట్టుకి వెళ్తూ మూడు సరుకులు గుర్తుంచుకోవడం. వాటినే ముక్కలు చేసి వరండాలో చేయించి, తర్వాత అసలు చోట చేయించండి.

దీంతోపాటు, సాధన ఎంత బాగా సాగినా కలపకూడని చోట్లు కొన్ని ఉంటాయి: రోడ్డు దాటడం, మెట్లు, తడి బాత్‌రూమ్, రాత్రి లేచి వెళ్ళడం. అక్కడ ఒక్కటే పని. ఫోన్ మోగితే ఆగాలి, గోడ పట్టుకోవాలి, అప్పుడు తీయాలి, మాట్లాడాలి, జేబులో పెట్టాలి, అప్పుడు అడుగు. ఈ వరుసని కూడా రోజుకి పదిసార్లు మీరే ఫోన్ చేసి అలవాటు చేయించండి. వెనక నుంచి పిలవొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పండి. 1997లో స్వీడన్‌లో లుండిన్ ఒల్సన్ బృందం వృద్ధుల నివాసాల్లో 58 మందిని గమనించింది. నడుస్తుండగా మాట కలిపితే ఆగిపోయినవాళ్ళు 12 మంది, వాళ్ళలో 10 మంది ఆరు నెలల్లో పడిపోయారు. అంటే ఆగిపోవడం మంచి అలవాటే అయినా, ఆగకుండా మాట్లాడలేకపోవడం పడే ప్రమాదానికి గుర్తు. రెండూ నిజమే కాబట్టి ఆగడం కూడా నేర్పాలి, సాధనా చేయించాలి.

ఈ పద్ధతిని పక్షవాతం వచ్చినవాళ్ళకి వాడాలనుకునేవాళ్ళ కోసం కొంచెం. స్ట్రోక్‌లో దీని ఆధారం పార్కిన్సన్స్‌లో ఉన్నంత గట్టిది కాదు, ఫలితాలు అధ్యయనాన్ని బట్టి మారుతున్నాయి. నడక సెకనుకి 0.4 మీటరు కంటే తక్కువ ఉన్నవాళ్ళకి ముందు వట్టి నడకే ఎక్కువ చేయించడం మేలు. మాట పడిపోయినవాళ్ళకి పేర్లు, లెక్కలు ఇస్తే మీరు కొలిచేది ధ్యాసని కాదు, భాషని. వాళ్ళకి జవాబు తెలుసు, నోటికి రాదు, అంతే. అలాంటివాళ్ళకి చప్పట్లు వినిపించి చివర ఎన్నో వేళ్ళతో చూపమనడం, దారిలో అంటించిన రంగు కాగితాల్లో ఎర్రవి మాత్రమే ముట్టుకోమనడం, మంచి చేత్తో గ్లాసు పట్టుకోవడం ఇవ్వండి. ఎడమవైపు పట్టించుకోని స్థితి ఉన్నవాళ్ళు రెండో పని ఇవ్వగానే ఎడమవైపు గుమ్మాలకి ఎక్కువగా గుద్దుకుంటారు, కాపలా ఆ పక్కనే ఉండాలి. బరువు ఎక్కువైందని చెప్పే మంచి గుర్తు చచ్చుబడిన చేయి: నడుస్తుండగా మోచేయి ముడుచుకుని పైకి లేస్తుంటే పని తగ్గించాలి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో, అంటే మెదడు, వెన్నుపాము నరాల పై పొర దెబ్బతినే జబ్బులో, వేడి శత్రువు, మన ఎండాకాలంలో ఉదయం 8 లోపే, ఫ్యాను కింద, 2 నిమిషాల చిన్న చుట్లు. తలకి దెబ్బ తగిలినవాళ్ళలో అలసట ఆ పూట కాక సాయంత్రం తలనొప్పిగా బయటపడుతుంది కాబట్టి మర్నాడు అడిగి పెంచాలి.

6 వారాల తర్వాత అదే వరండా, అదే చెప్పులు, మాత్ర వేసుకున్న అంతే సమయానికి మళ్ళీ కొలవండి. పార్కిన్సన్స్‌లో మామూలు నడక వేగంలో సెకనుకి 0.18 మీటరు లోపు తేడా కొలతలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గు కావచ్చని 2008లో స్టెఫెన్, సెనీ లెక్క తేల్చారు. అంతకంటే చిన్న మార్పుని చూసి సంబరపడొద్దు, దిగులూ పడొద్దు. అడుగు పొడవు, జవాబుల రేటు, ఆ నెలలో తూలి గోడ పట్టుకున్నది ఎన్నిసార్లు, ఈ మూడూ కలిపి చూస్తే బొమ్మ తెలుస్తుంది.

నెమ్మదిగా కాక, రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి దిగజారితే అది సాధన లోపం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, గట్టి మలబద్ధకం, మాత్ర వేళ తప్పడం, కొత్త మందు, తరచుగా వీటిలో ఒకటై ఉంటుంది. ముఖ్యంగా తల తిరుగుతోందనో, వాంతి వస్తోందనో పక్క వీధి మందుల షాపులో తెచ్చుకున్న స్టెమెటిల్, స్టుజెరాన్, పెరినార్మ్ లాంటివి. వీటిలోని మందులు పార్కిన్సన్స్ లక్షణాలని పెంచుతాయి, నడకని కళ్ళముందే పాడుచేస్తాయి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళి చూపించండి, పాత మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.